స్కానింగ్ గదిలోకి ఒక్క ప్రశ్నతో వెళ్లండి

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. పర్లాకిమిడిలో ఉంటాం. కిందటి నెల మా ఆరోగ్య కేంద్రంలో కేన్సర్ స్క్రీనింగ్ అని ముప్పై దాటిన ఆడవాళ్లందర్నీ చూశారు. ఎడమ రొమ్ములో ఏదో గట్టిగా తగులుతోందని సిస్టర్ చెబితే, డాక్టరుగారు అల్ట్రాసౌండ్‌కి చీటీ రాశారు. వచ్చే గురువారం బరంపురం వెళ్లాలి. నొప్పేమీ లేదు. మా పిన్ని ఇదే జబ్బుతో పోయింది, అప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. లోపల ఏం చేస్తారు? ఖాళీ కడుపుతో వెళ్లాలా? మగ డాక్టరైతే ఎలా? ఎలాగూ అంత దూరం వెళ్తున్నావు కదా, కడుపు, థైరాయిడ్ అన్నీ ఒకేసారి స్కాన్ చేయించేసుకో అంటోంది మా అప్ప. సూది పొడిస్తే కేన్సర్ పాకిపోతుందని ఇంకొకరు భయపెట్టారు. మా ఆయనకి ఇంకా చెప్పలేదు.
– ఒక సోదరి, గజపతి జిల్లా

సమాధానం:

అమ్మా, ముందు గురువారం సంగతి చూద్దాం, మిగతావి తర్వాత.

తినే వెళ్లండి. పొద్దున్నే రైలెక్కాలి కాబట్టి ఇంట్లోనే రెండు ఇడ్లీలో, ఇంత చద్దన్నమో తిని బయల్దేరండి. రోజూ వేసుకునే బీపీ, షుగర్ మాత్రలుంటే అవీ వేసుకోండి. ఖాళీ కడుపు కావలసింది కడుపు స్కానింగ్‌కి. తిన్నామంటే పిత్తాశయం ముడుచుకుపోతుంది, పేగుల్లో గాలి అడ్డం వస్తుంది, అందుకని ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినొద్దంటారు. నీళ్లు తాగి మూత్రం ఆపుకోమనేది గర్భసంచి, అండాశయాలు చూడ్డానికి. నిండిన మూత్రాశయం పేగుల్ని పక్కకు నెట్టి, వెనకున్నవాటిని చూపిస్తుంది. రొమ్ము స్కానింగ్‌కి ఈ రెండూ అక్కర్లేదు. ఎవరో చెప్పారని పస్తుతో అంత దూరం ప్రయాణం చేసి, వెయిటింగ్ బల్ల మీద కళ్లు తిరిగి పడిపోయినవాళ్లని చూశాను. మీరా పని చేయకండి.

చీర కట్టుకోండి, ముందు హుక్కులున్న జాకెట్టు వేసుకోండి. డ్రెస్సైతే మొత్తం విప్పాల్సి వస్తుంది, చీరైతే పైట తీస్తే సరిపోతుంది. ఆ రోజుకి పౌడరు, సెంటు, చంకల్లో రాసుకునే స్ప్రే మానేయండి. అల్ట్రాసౌండ్‌కి వాటివల్ల పెద్ద ఇబ్బంది లేదు గానీ, అదే రోజు మామోగ్రామ్, అంటే రొమ్ముకి తీసే ఎక్స్‌రే, కూడా తీయాల్సి వస్తే ఆ పొడి, స్ప్రేలోని లోహపు రేణువులు ఫిల్ములో తెల్లచుక్కల్లా పడి లేనిపోని అనుమానం తెస్తాయి. మంగళసూత్రం తీయాలా అని అడగడానికి మొహమాటపడి, చెయ్యి సూత్రం మీదే పెట్టుకుని కూర్చునేవాళ్లు చాలామంది ఉంటారు. అల్ట్రాసౌండ్‌కి తీయక్కర్లేదు, వెనక్కి తిప్పి వీపు మీద వేసుకుంటే చాలు. మామోగ్రామ్‌కి మాత్రం తీసి పక్కన పెట్టాలి, అది రెండు నిమిషాల పని. ఇంట్లోంచి ఒక పాత నూలు గుడ్డ పట్టుకెళ్లండి, ఎందుకో చెప్తాను.

స్కానింగ్ సెంటర్లో అడుగు పెట్టగానే ఒడియాలో, ఇంగ్లీషులో ఒక బోర్డు కనిపిస్తుంది. పుట్టబోయేది ఆడో మగో ఇక్కడ చెప్పరు, చెప్పడం నేరం అని. 1994 నాటి చట్టం అది. ఆధార్ కార్డు, ఆఖరి నెలసరి తేదీ అడగవచ్చు. మీమీద అనుమానంతో అడిగేవి కావు, కంగారు పడకండి. ఆ చట్టం వల్లే స్కానింగ్ మెషీన్‌ని రిజిస్టర్ చేసిన చోటు దాటించి, ఎక్కడ పడితే అక్కడికి మోసుకెళ్లడానికి వీల్లేదు. కాబట్టి రేపెప్పుడైనా మీ ఊరి కల్యాణమండపంలో "ఒక్కరోజు స్కానింగ్ క్యాంపు" అని ఆటోలో మైకు పెట్టి తిప్పితే, రిజిస్ట్రేషన్ కాగితం చూపించమని అడగండి.

ఇక గదిలోకి వెళ్దాం. లోపల చీకటిగా, చల్లగా ఉంటుంది. తెర మీద నలుపు తెలుపుల తేడా బాగా కనపడాలని లైటు తగ్గిస్తారు, అంతకంటే ఏమీ లేదు. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఎడమ చెయ్యి ఎత్తి తల కింద పెట్టుకోమంటారు. చెయ్యి ఎత్తితే రొమ్ము ఛాతీ మీద పలచగా పరుచుకుంటుంది, లోపలిదాకా చూడ్డం తేలిక. వీపు కింద చిన్న దిండు పెట్టి కాస్త పక్కకి వొరగమనవచ్చు. అప్పుడు జెల్లు రాస్తారు. అది చల్లగా తగులుతుంది, మొదటిసారి ఒళ్లు జలదరిస్తుంది. ఆ జెల్లు ఎందుకంటే, చర్మానికీ యంత్రానికీ మధ్య ఇసుమంత గాలి ఉన్నా శబ్దం లోపలికి పోదు.

అవును, శబ్దమే. నూతిలోకి కేకేస్తే మాట తిరిగొస్తుంది చూడండి, అలాంటిదే. మన చెవికి అందనంత కీచు శబ్దాన్ని లోపలికి పంపి, దేనికి తగిలి ఎంతసేపట్లో తిరిగొచ్చిందో లెక్కగట్టి బొమ్మ కడుతుంది. ఎక్స్‌రే కాదు, రేడియేషన్ లేదు. గర్భిణికి వాడేదీ ఇదే పద్ధతి.

చేతిలో పట్టే చిన్న పరికరాన్ని ప్రోబ్ అంటారు. దాన్ని చనుమొన చుట్టూ గడియారం ముల్లు తిరిగినట్టు వరసగా తిప్పుకుంటూ వస్తారు. అందుకే రిపోర్టులో "2 గంటల స్థానం, చనుమొన నుంచి 3 సెంటీమీటర్లు" అన్నట్టు రాస్తారు. చంక కిందా చూస్తారు, అక్కడి బిళ్లలు ఉబ్బాయేమోనని. కొంచెం నొక్కుతారు గానీ నొప్పి ఉండదు. నెలసరికి ముందు రోజులైతే కాస్త సలుపుగా అనిపించవచ్చు. మొత్తం పావుగంట నుంచి అరగంట. అయ్యాక జెల్లు తుడుచుకోడానికే ఆ నూలు గుడ్డ. వాళ్లిచ్చే కాగితం ముక్క ఎప్పుడూ చాలదు. జెల్లు నీళ్లలో కలిసేదే, జాకెట్టుకి మరకలు పడవు.

ఆ పావుగంటలో మిమ్మల్ని భయపెట్టే మూడు విషయాలు ముందే చెప్పి పెడతాను. మొదటిది, చూసే డాక్టరు మాట్లాడరు. తెర వైపే చూస్తూ ఉంటారు, ఒక్కోచోట ఆగి మళ్లీ వెనక్కి వస్తారు. ఆ మౌనానికి అర్థాలు వెతక్కండి. ఒక్కో చోటా రెండు కోణాల్లో చూసి, కొలిచి, ఫొటో తీసుకోవడం మా స్కానింగ్ డాక్టర్ల పని పద్ధతి, అంతా మామూలుగా ఉన్నా సరే. రెండోది, తెర మీద నల్లటి మచ్చ కనిపించగానే ప్రాణం జారిపోతుంది. నిజానికి బొత్తిగా నల్లగా, నున్నటి అంచుతో కనిపించేది చాలాసార్లు నీటి తిత్తి, అంటే సిస్టు. ఏ హానీ చేయదు. మూడోది, ఉన్నట్టుండి ఎరుపు నీలం రంగులు మెరుస్తాయి. అది డాప్లర్, రక్తం ప్రోబ్ వైపు వస్తోందా దూరంగా పోతోందా అని చూపించే రంగులు. ఎరుపంటే ప్రమాదం అని కాదు. ఒకావిడ ఆ ఎరుపు చూసి మంచం మీదే ఏడుపు అందుకుంటే, మెషీన్ ఆపి ఆమె చేతి మీద ప్రోబ్ పెట్టి ఆమె నాడిలో రక్తం అదే రంగులో కొట్టుకోవడం చూపించాను. అప్పుడు గాని ఊరుకోలేదు.

మగ డాక్టరైతే ఎలా అని అడిగారు. చీటీ ఇచ్చేటప్పుడే కౌంటర్లో అడగండి, లేడీ డాక్టరు ఏ రోజు ఉంటారని. ఆ రోజుకి మార్చుకోవచ్చు, నాలుగు రోజులు ఆగినంత మాత్రాన మునిగిపోయేది లేదు. నాలుగు నెలలు మాత్రం ఆగకండి. మగ డాక్టరే ఉంటే గదిలో ఒక ఆడమనిషి ఉండాలని అడగండి. రోగుల హక్కుల పత్రంలో ఉన్న మాటే, బతిమాలాల్సిన పని లేదు. మీ అప్పని లోపలికి తీసుకెళ్లినా సరే.

భాష సంగతి మీరు రాయలేదు గానీ, మన సరిహద్దు ఊళ్లవాళ్లకి బజారు ఒడియా వచ్చినంతగా ఆసుపత్రి ఒడియా రాదు. "హాత ఉపరకు కరంతు" అంటే చెయ్యి పైకి ఎత్తమని. మీరు చెప్పాల్సింది ఒక్కటే, "ఎఇఠి గంఠి అఛి", ఇక్కడ గడ్డ ఉంది అని. అని ఊరుకోకుండా మీ వేలితో ఆ చోటు తాకి చూపించండి. స్నానం చేసేటప్పుడు సబ్బు చేతితో తడిమితే బాగా తెలుస్తుంది. ముందు రోజే చూసుకుని, ఏ చోటో గుర్తు పెట్టుకుని వెళ్లండి.

ఇది ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, మీరు వెళ్తున్నది ఇక స్క్రీనింగ్‌కి కాదు. ఏ లక్షణమూ లేనివాళ్లని జల్లెడ పట్టడం స్క్రీనింగ్. అది ఆరోగ్య కేంద్రంలో సిస్టర్ చేతితో అయిపోయింది, ఆ జల్లెడలో మీరు ఆగారు. ఇప్పుడు కావలసింది ఒక్క ప్రశ్నకి జవాబు: చేతికి తగులుతున్న ఇది ఏమిటి? నీరా, కండలాంటి గడ్డా, లేక మామూలు రొమ్ము కణజాలమే గట్టిగా ఉందా? అల్ట్రాసౌండ్ ఈ తేడా చాలా బాగా చెబుతుంది. కానీ కేన్సర్ తొలి దశలో పడే సన్నటి సున్నపు చుక్కల్ని అది సరిగా పట్టుకోలేదు. వాటికి మామోగ్రామ్ కావాలి. మీకు నలభై దాటాయి కాబట్టి మామోగ్రామ్ కూడా అవసరమా అని డాక్టర్ని మీరే అడగండి. చిన్న వయసులో రొమ్ము కణజాలం చిక్కగా ఉండి మామోగ్రామ్‌లో అంతా తెల్లగా కనిపిస్తుంది, గడ్డ కూడా తెల్లగానే ఉంటుంది, కలిసిపోతుంది. అల్ట్రాసౌండ్‌లో అదే గడ్డ నల్లగా విడిగా తేలుతుంది. రెండూ కలిస్తేనే పూర్తి బొమ్మ. ఒకటి ఉంటే ఇంకొకటి దండగ అనుకోకండి.

స్కానింగ్‌లో ఏమీ లేదని వచ్చి, చేతికి మాత్రం గడ్డ అలాగే తగులుతుంటే? అక్కడితో ఆగిపోకూడదు. నార్మల్ అన్న కాగితాన్ని దేవుడి పటం వెనక దాచుకుని, గడ్డ పెరుగుతున్నా ఎనిమిది నెలలు ఊరుకున్న ఒక తల్లిని చూశాను. ఆ కాగితం ఆమెకి ధైర్యం ఇచ్చింది, జవాబు ఇవ్వలేదు. నాకు ఇప్పటికీ ఆ ముఖం గుర్తొస్తుంది.

మీ అప్ప మాట దగ్గరికి వస్తాను. ప్రేమతోనే చెప్పింది, ఆవిడ్ని ఏమీ అనకండి. కానీ ఒప్పుకోకండి. ఏ బాధా లేని మనిషికి "ఓసారి అంతా చూసేద్దాం" అని స్కాన్ చేస్తే కేన్సర్ ముందే దొరికి ప్రాణం దక్కుతుందన్న నమ్మకం నిలవలేదు. అండాశయాల విషయమే తీసుకోండి. బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా ఆడవాళ్లతో ఏళ్ల తరబడి పరీక్ష పెట్టారు. కొందరికి ఏటా అల్ట్రాసౌండ్, కొందరికి రక్తపరీక్ష చేసి అవసరమైతే స్కాన్, కొందరికి ఏదీ లేదు. 2021లో ఫలితం వచ్చింది: స్క్రీనింగ్ చేయించుకున్నవాళ్లలో ఆ జబ్బుతో చావులేమీ తగ్గలేదు. థైరాయిడ్ సంగతి ఇంకా విచారం. దక్షిణ కొరియాలో ఆరోగ్యవంతులకి మెడ స్కాన్ చేయడం మామూలైపోయి, 2011 నాటికి థైరాయిడ్ కేన్సర్ కేసులు 1993తో పోలిస్తే పదిహేను రెట్లయ్యాయి. చావులు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. అంటే జన్మంతా కదలకుండా పడి ఉండే చిన్న చిన్న గడ్డల్ని వెతికి పట్టుకుని, వేలమందికి ఆపరేషన్‌తో థైరాయిడ్ తీసేసి, రోజూ మాత్ర మింగేలా చేశారన్నమాట. కడుపు స్కాన్‌లో పేగులు, జీర్ణాశయం లోపలి పొర సరిగా కనపడవు, ఊపిరితిత్తులు అసలే కనపడవు. కనపడేది కొంచెం కొవ్వు పట్టిన కాలేయం, ఒక చిన్న రాయి, ఒక నీటి తిత్తి. వాటితో మీకు ఇంకో ఆరు నెలల టెన్షన్.

అల్ట్రాసౌండ్‌తో స్క్రీనింగ్ నిజంగా పనికొచ్చేవాళ్లు ఉన్నారు. లివర్ గట్టిపడిపోయినవాళ్లూ, హెపటైటిస్ బి ఎన్నాళ్లగానో ఉండి డాక్టరు చూపించుకోమన్నవాళ్లూ. వీళ్లు ఆరు నెలలకోసారి కాలేయం స్కాన్ చేయించుకోవాలి. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే ఆ డబ్బు వాళ్లకి పెట్టండి. నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించడం, వారాల తరబడి కడుపు ఉబ్బరం, కళ్లు పచ్చబడటం – ఇలాంటివుంటే ఎలాగూ స్కాన్ చేయాల్సిందే, అది వేరే లెక్క.

గర్భాశయ ముఖద్వారం కేన్సర్ని అల్ట్రాసౌండ్ తొలి దశలో పట్టుకోలేదు. దానికి ఆరోగ్య కేంద్రంలోనే పుల్లటి ద్రవం దూదితో అద్ది చూసే పరీక్ష ఉంది, లేకపోతే అక్కడి కణాల్ని తీసి చూసే పాప్ స్మియర్, ఆ కేన్సర్ తెచ్చే వైరస్ ఉందేమో చూసే హెచ్‌పీవీ పరీక్ష. ఆ రోజు అది చేయించుకున్నారో లేదో మీరు రాయలేదు. సిగ్గుపడి లేచి వచ్చేసి ఉంటే, మళ్లీ వెళ్లండి. అలాగే నోరు. మన గంజాం, శ్రీకాకుళం వైపు పెద్ద ఆడవాళ్లలో అడ్డపొగ తాగే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. నిప్పు లోపల పెట్టి పీల్చే ఆ చుట్ట అంగిలిని కాల్చి పుండు చేస్తుంది, కేన్సర్ దాకా తెస్తుంది. మీ అత్తగారికో మామ్మగారికో ఆ అలవాటుంటే నోరు తెరిపించి టార్చిలైటు వేసి చూపించండి. ఏ మెషీనూ అక్కర్లేదు.

రిపోర్టు చేతికి రాగానే అందరి కళ్లూ ఒక మాట మీద పడతాయి, బైరాడ్స్, దాని పక్కన ఒక అంకె. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతోంది. బైరాడ్స్ 3 అని చూసి మూడో స్టేజీ కేన్సరని ఇల్లంతా శోకాలు పెట్టుకుని వచ్చిన కుటుంబం ఉంది. స్కాన్‌లో కనిపించినదాని మీద అనుమానం ఎంతో చెప్పే అంకె అది, దానికీ స్టేజీకీ ఏ సంబంధమూ లేదు. 1 అంటే ఏమీ లేదు, 2 అంటే ఉన్నది హాని లేనిదే. 3 అంటే దాదాపు హాని లేనిదే, కేన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండు మించదు, ఆరు నెలలకి మళ్లీ చూద్దాం అని. 4 అంటే అనుమానం ఉంది, ముక్క తీసి పరీక్ష చేయాలి అని. 4 వచ్చినవాళ్లలో చాలామందికి చివరికి కేన్సర్ ఉండదు. 5 అంటే అనుమానం బలంగా ఉంది. 0 చూసి సంతోషపడకండి, అది సున్నా జబ్బు కాదు, ఇంకో పరీక్ష చేస్తే గాని చెప్పలేం అని అర్థం.

సూది సంగతి. పాకదు. ఎన్నో ఏళ్లుగా, లక్షలమందికి చేస్తున్న పరీక్ష ఇది, ఆ భయంతో మానుకోవడం వల్ల పోయిన ప్రాణాలే ఎక్కువ. స్కాన్‌లో చూస్తూనే చర్మానికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, కాస్త లావు సూదితో బియ్యపు గింజలాంటి సన్నటి ముక్కలు మూడు నాలుగు తీస్తారు. తీసేటప్పుడు స్టాప్లర్ కొట్టినట్టు టక్కున శబ్దం వస్తుంది, ఉలిక్కిపడతారు, అందుకే ముందే చెప్తున్నా. తర్వాత కాసేపు గట్టిగా అదిమి పట్టుకుంటారు, రెండు మూడు రోజులు కమిలినట్టు ఉంటుంది. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. ఒకటి మాత్రం ఒప్పుకోకండి: "ఈ టెస్టులన్నీ ఎందుకు, గడ్డ కోసి తీసేద్దాం" అంటే. అదేమిటో తెలియకుండా కోస్తే, కేన్సరైన పక్షంలో తర్వాతి వైద్యం చిక్కుల్లో పడుతుంది.

ఖర్చు గురించి ఒక మాట. ఒడిశా ప్రభుత్వాసుపత్రుల్లో నిదాన్ పథకం కింద పరీక్షలు ఉచితం. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది కాబట్టి, ప్రైవేటు సెంటర్‌కి వెళ్లే ముందు అక్కడ అడగండి. పాతపట్నం దాటి శ్రీకాకుళం వెళ్లిపోదామా అనిపించవచ్చు, భాష కలుస్తుంది కదా అని. చీటీ రాసిన డాక్టరు ఎక్కడ రిపోర్టు చూస్తారో అక్కడే చేయించుకోవడం మంచిది. ఒకచోట స్కాన్, ఇంకోచోట సూది, మూడోచోట డాక్టరు అయితే నెలలు దొర్లిపోతాయి. ఒకవేళ వైద్యం అవసరమే అయితే అప్పుడు కటక్‌లోని ఆచార్య హరిహర్ కేన్సర్ సంస్థో, విశాఖ దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రో ఆలోచించుకుందాం. ఇవాళ అక్కర్లేదు.

మీ పిన్నికి ఏ వయసులో వచ్చిందో, ఇంట్లో ఇంకెవరికైనా రొమ్ము కేన్సర్ గాని అండాశయ కేన్సర్ గాని ఉందేమో మీ అమ్మగారిని అడిగి ఒక కాగితం మీద రాసుకెళ్లండి. డాక్టరుకి అది పనికొస్తుంది. పిన్నికి వచ్చింది కాబట్టి మీకు వచ్చి తీరుతుందని మాత్రం కాదు.

మీ ఆయనకి బుధవారం రాత్రిలోపు చెప్పండి. గురువారం సాయంత్రం రిపోర్టు చేతిలో పెట్టుకుని మొదటిసారి చెప్పడం మీకూ కష్టం, ఆయనకీ కష్టం. "సిస్టర్ ఏదో గట్టిగా తగులుతోందన్నారు, ఏమిటో చూసుకోడానికి వెళ్తున్నా, నువ్వూ రా" అంటే చాలు. రానంటే అప్ప ఎలాగూ ఉంది.

రిపోర్టు వచ్చాక బైరాడ్స్ అంకె, గడ్డ ఏ గంట స్థానంలో ఉందో, సైజు ఎంతో, ఈ మూడూ రాసి పంపండి. పేరు అక్కర్లేదు, "పర్లాకిమిడి, ఎడమ వైపు" అని రాస్తే మీరని గుర్తుపడతాను.